భయం గొలిపే యానిమేషన్ బొమ్మలకు రంగులు: ఏ సాధనం ఎవరికి, ఏ వర్ణం ఎక్కడ

బొత్తాల కళ్ల అమ్మ, ఒళ్లు విరుచుకునే నల్లపిల్లి, వంకర కొమ్మల తోట, గోడలో చిన్న తలుపు వంటి గీతబొమ్మలను ముద్రించుకోవడం చిటికెలో అయ్యే పని. అసలు సందేహం ఆ తరువాతే మొదలవుతుంది. రంగు పెన్సిళ్లు, స్కెచ్ పెన్లు, నీటి రంగులు, ఆల్కహాల్ మార్కర్లు, క్రేయాన్లు, టాబ్లెట్ తెర: వీటిలో దేనితో మొదలుపెట్టాలి? రాత్రి దృశ్యానికి నలుపు ఎంత వాడాలి? ఈ రెండు ప్రశ్నలకూ నా జవాబు ఒక్కటే. ఇటువంటి బొమ్మలో భయాన్ని నిలబెట్టేది ముదురుకూ లేతకూ మధ్య ఉండే దూరం కాబట్టి, ఆ దూరాన్ని మెల్లగా, మన అదుపులో పెంచుకోనిచ్చే సాధనమే ఈ పనికి మేలైనది.

## సినిమా రంగులను ఎలా వాడుకుంది

ఈ కోవకు చెందిన బొమ్మల కాగితాలలో ఎక్కువగా కనబడే 'కోరలైన్'నే ఉదాహరణగా తీసుకుంటాను. హెన్రీ సెలిక్ దర్శకత్వంలో లైకా స్టూడియో రూపొందించిన ఈ చిత్రం 2009లో విడుదలైంది. ఇది స్టాప్ మోషన్ చిత్రం. అంటే తెరమీద కనిపించే మనుషులూ, ఇల్లూ, తోటా చేత్తో చేసిన నమూనాలు, ఒక్కొక్క ఫ్రేముకు రవ్వంత కదిపి ఫొటో తీసినవి. కథ మొదట్లో ఆకాశం, నేల, ఎండిన తోట అన్నీ బూడిద రంగులోనూ మట్టి రంగులోనూ ఉంటాయి, గులాబీ రంగు ఇల్లు కూడా వెలిసిపోయినట్టే కనిపిస్తుంది. వాటి మధ్య పసుపు రెయిన్‌కోటు, నీలి జుట్టు ఉన్న కథానాయిక కోరలైన్ ఒక్కతే కంటికి తగులుతుంది. తలుపు అవతలి లోకం మాత్రం నిండు రంగులతో వెలిగిపోతుంది, ప్రమాదం పొంచి ఉన్నది కూడా అక్కడే. మాయ చెదిరేకొద్దీ ఆ రంగులు ఇంకిపోతాయి. ఒకచోట లోకమే అయిపోయి, తెల్లటి శూన్యం తప్ప మరేమీ మిగలదు.

రంగులు వేసేవారు దీనినుంచి పట్టుకోవలసినవి రెండున్నాయి. భయం గొలిపే బొమ్మ అనగానే కాగితమంతా నలుపుతో నింపనక్కరలేదు, వదిలేసిన తెలుపు కూడా భయపెట్టగలదు. అలాగే, ఒక రంగు ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుందన్నది దాని పక్కన ఏముందన్న దానిమీద ఆధారపడుతుంది.

ఈ రెండో విషయాన్ని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ 1839లో అచ్చైన తన గ్రంథంలో వివరంగా చర్చించాడు. ఆయన పారిస్‌లోని గొబెలిన్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగానికి అధిపతి. నీలం, ఊదా బట్టల మడతలలో నీడ కోసం వాడిన నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదు వస్తే, ఆయన అద్దకాన్ని పరీక్షించి అందులో లోపం లేదనీ, పక్కనున్న నీలమే నలుపు బలాన్ని తగ్గించి చూపుతోందనీ తేల్చాడు. రాత్రి ఆకాశానికి ముదురు నీలం వేసి, దాని మీద నల్లపిల్లిని దిద్ది, పిల్లి ఎందుకు ఆనడం లేదని తికమకపడే ప్రతివారికీ ఈ పాత ఫిర్యాదు పనికొస్తుంది.

## దేనిని బట్టి ఎంచుకోవాలి

మొదటి కొలబద్ద, ముదురును పొరపొరగా పెంచుకునే వీలు. రెండోది, తెలుపును కాపాడుకునే వీలు. సాలెగూడు, బొత్తాం మీది మెరుపు, చంద్రుడు, పింగాణీ ముఖం మీది పగుళ్లు అన్నీ తెల్లగానో దాదాపు తెల్లగానో మిగలాలి. మూడోది, తప్పును సరిదిద్దుకునే అవకాశం. నాలుగోది, ఇంట్లో ఉన్న కాగితం దానిని తట్టుకుంటుందా అన్నది. ఐదోది, రంగులు వేసే మనిషి వయసు, ఓపిక, శుభ్రం చేసుకునే తీరిక. బొమ్మను గోడకు తగిలించుకోవాలనుకునేవారికి వెలుగుకు రంగు వెలిసిపోకుండా ఉండటం కూడా ముఖ్యమే. మిగతావారు దాన్ని పట్టించుకోనవసరం లేదు.

ఈ కొలబద్దలలో కాగితాన్ని చాలామంది చివరకు వదిలేస్తారు, కానీ నిర్ణయాల్లో సగం అక్కడే జరిగిపోతాయి. మామూలు జెరాక్స్ కాగితం 70 నుంచి 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాములలో) ఉంటుంది. దానిమీద క్రేయాన్లు, తేలికగా వేసే పెన్సిల్ రంగులు సరిపోతాయి. స్కెచ్ పెన్నుతో రెండుసార్లు రుద్దితే పైపొర నూగులా లేస్తుంది. మార్కరు సిరా అవతలి వైపుకు దిగుతుంది. నీళ్లు తగిలితే కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. 160 నుంచి 200 జీఎస్ఎం ఉన్న కాస్త గరుకు కాగితం పెన్సిళ్లకు హాయిగా ఉంటుంది, మార్కర్లకైతే అంతే మందంలో నున్నటిది కావాలి. నీటి రంగులకు 300 జీఎస్ఎం కాగితమే సరైనది, అయితే అంత మందాన్ని ఇంటి ప్రింటర్లు అన్నీ మింగలేవు. అప్పుడు బొమ్మను పగటిపూట కిటికీ అద్దానికి ఆనించి, పైన మందపు కాగితం పెట్టి, పెన్సిల్‌తో అచ్చు దించుకోవచ్చు.

ముద్రణ రకం కూడా చూసుకోవాలి. చాలా ఇంక్‌జెట్ ప్రింటర్ల సిరా తడికి కరిగిపోయి, నల్లగీత రంగులోకి పాకుతుంది. లేజర్ ముద్రణ తడికి చెక్కుచెదరదు, కానీ ఆల్కహాల్ మార్కరు కొన్ని రకాల టోనర్‌ను (లేజర్ ప్రింటరు వాడే రంగుపొడిని) కరిగించి బూడిద మరకలు చేస్తుంది. నీటి రంగులకు లేజర్, ఆల్కహాల్ మార్కర్లకు బాగా ఆరిన ఇంక్‌జెట్ అని గుర్తుపెట్టుకుని, ముందుగా కాగితం మూలన ఒక చిన్న గీత మీద పరీక్షించుకోవడం మంచిది.

## ఒక్కొక్క సాధనం, అవే మూడు పరీక్షలు

పోలిక న్యాయంగా ఉండాలంటే అన్నిటినీ ఒకే పనితో పరీక్షించాలి. ఇటువంటి బొమ్మలలో పదేపదే ఎదురయ్యే మూడింటిని తీసుకుందాం: నల్ల బొత్తాం కన్ను, చీకటి మీద తెల్లటి సాలెగూడు, పొగమంచు పట్టిన వెన్నెల రాత్రి.

రంగు పెన్సిళ్లు. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే పైన చెప్పిన సిద్ధాంతానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఇదే. చేయి తేలిక చేసి ఒక పొర, దానిమీద దిశ మార్చి మరో పొర వేసుకుంటూ పోతే, ఎక్కడ ఆగాలో ప్రతి దశలోనూ మన చేతిలోనే ఉంటుంది. బొత్తాం కంటికి మొదట లేత నీలం, దానిమీద ముదురు నీలం, ఆపై ముదురు గోధుమ, చివరగా అంచు చుట్టూ మాత్రమే నలుపు వేయాలి. పై ఎడమ వైపు చిక్కుడు గింజ ఆకారంలో చిన్న చోటును మొదటినుంచీ ముట్టుకోకుండా వదలాలి. దాని సరిగ్గా ఎదుటి వైపు, కింది అంచు లోపల, సన్నని నెలవంకలా లేత నీలం పొరను మాత్రమే మిగల్చాలి. బొత్తాం రంధ్రాల లోపలి భాగం నిండు నలుపు. వాటి కింది అంచున ఒక వెంట్రుక మందం లేత గీత. ఇంత చేస్తే ఆ కన్ను గుండ్రంగా, గట్టిగా, చలనం లేకుండా కనిపిస్తుంది. కేవలం నలుపుతో నింపిన కన్ను కాగితానికి పడ్డ చిల్లులా ఉంటుంది.

సాలెగూటికి పెన్సిళ్లలో ఒక చక్కని ఉపాయం ఉంది. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, కాగితం కింద నాలుగైదు కాగితాల మెత్త పెట్టుకుని, గూటి దారాలను గట్టిగా నొక్కి గీయాలి. తరువాత పెన్సిల్‌ను పక్కకు వాల్చి ముదురు రంగును తేలికగా రుద్దితే, నొక్కుకుపోయిన గాడులలోకి రంగు చేరక దారాలు తెల్లగా బయటపడతాయి. కోరలైన్ స్వెటరు వంటి అల్లిక బట్టలకు కూడా పెన్సిల్ గరుకే అందం. ఆ చిత్రం కోసం నిజంగానే బొమ్మ కొలతకు చిట్టి స్వెటర్లను చేత్తో అల్లారు, ఆ నూలు తీరును మార్కరు చూపలేదు.

లోపాలు లేకపోలేదు. ఒక పేజీ పూర్తి కావడానికి గంటలు పడుతుంది, పెద్ద ఆకాశాన్ని నింపేసరికి మణికట్టు నొప్పి పెడుతుంది. మైనం ఎక్కువగా ఉన్న పెన్సిళ్లతో మందంగా వేసిన ముదురు రంగుల మీద కొన్నాళ్లకు తెల్లటి మబ్బులాంటి పొర తేలుతుంది. చీకటి దృశ్యాలు వేసేవారికి ఇది ముఖ్యమైన మాట, ఎందుకంటే లేత రంగుల మీద కనిపించని ఆ పొర నలుపు మీద వెంటనే కనబడుతుంది. మెత్తని బట్టతో తుడిస్తే పోతుంది. నూనె ఆధారిత పెన్సిళ్లలో ఈ బెడద తక్కువ.

ఆల్కహాల్ మార్కర్లు. పెద్ద ఆకాశం, గోడలు, కొండచరియలు చారలు లేకుండా నిమిషాల్లో నిండాలంటే వీటికి సాటి లేదు. బూడిద రంగులోనే చల్లని నీలి ఛాయవి, వెచ్చని గోధుమ ఛాయవి విడివిడి వరుసలుగా దొరుకుతాయి కాబట్టి, వెలిసిపోయిన నిజలోకానికి వెచ్చని వరుసను, మాయలోకపు నీడలకు చల్లని వరుసను కేటాయించుకుంటే బొమ్మకు కథ తెలుస్తుంది. సిరా గీత దాటి పాకుతుంది కనుక అంచుకు కొద్దిగా ఇవతలే ఆగాలి. తెలుపును కాపాడటం వీటి బలహీనత. సాలెగూటిని చివర్లో తెల్ల జెల్ పెన్నుతో పైన గీయవలసిందే, అది మార్కరు పూర్తిగా ఆరాకే. పొగమంచు మాత్రం లేత బూడిద మీద రంగులేని బ్లెండర్ మార్కరుతో బాగా వస్తుంది. గాలి ఆడే గదిలో వాడాలి, కింద పాత కాగితం వేసుకోవాలి. చిన్నపిల్లల చేతికి ఇవి తగవు.

నీటి రంగులు. వెన్నెల, పొగమంచు, చిన్న తలుపు వెనుక సొరంగంలోని ఊదా నీలి వెలుగు అనే మూడింటిలో దీన్ని కొట్టగలిగేది లేదు. తడిపిన కాగితం మీద ముదురు నీలాన్ని వదిలితే అది తనంతట తాను పాకి, అంచు తెలియకుండా కరిగిపోతుంది. అంత మెత్తని మార్పును పెన్సిల్‌తో సాధించాలంటే అరపూట పడుతుంది. ఆరినప్పుడు రంగు తడిగా ఉన్నప్పటికంటే లేతగా మారుతుంది కాబట్టి, మొదటి పూతలోనే కావలసినంత చీకటి రాలేదని బెంగపడక, ఆరనిచ్చి రెండో పూత వేయాలి. సాలెగూటికి తెల్ల క్రేయాన్‌తో గాని కొవ్వొత్తి ముక్కతో గాని ముందే దారాలు గీసి, పైన రంగు పూస్తే, మైనం నీటిని నెట్టేసి దారాలు తెల్లగా నిలుస్తాయి. అయితే గీతల మధ్య సన్నని ఖాళీలు చాలా ఉన్న పేజీలో నీటి రంగు విసుగు తెప్పిస్తుంది. పెద్ద ఖాళీలున్న దృశ్యాలకే దీన్ని ఎంచుకోవాలి.

స్కెచ్ పెన్లు. ఇంట్లో ఎప్పుడూ ఉండేవి, అందరూ ముందు చేతిలోకి తీసుకునేవి, ఈ పనికి అంతగా తగనివి. ఒక గీత మీద మరో గీత పడ్డచోట ముదురు చార వస్తుంది, వేసిన ముదురు మళ్లీ వెనక్కి రాదు, రంగు ఎండకు త్వరగా వెలిసిపోతుంది. కానీ రెయిన్‌కోటు, చారల మేజోళ్లు, పువ్వుల రేకులు వంటి చిన్న చోట్లకు అవి ఇచ్చే నిండుదనం బాగుంటుంది. ఒక ప్లాస్టిక్ మూత మీద స్కెచ్ పెన్నును రుద్ది, ఆ సిరాను తడి కుంచెతో ఎత్తి వాడితే నీటి రంగులాగే పనిచేస్తుంది. ఉన్నదానితో సర్దుకునేవారికి ఇది చాలు.

క్రేయాన్లు, ఆయిల్ పాస్టెళ్లు. సన్నని వివరాలకు ఇవి పనికిరావు. ఆరేళ్లలోపు పిల్లల బొమ్మలకు మాత్రం వీటినే ఎంచుకోవాలి, అవీ లావుపాటి గీతలున్న పేజీలతో. ఒక్క సరదా పద్ధతి కోసం పెద్దలూ వీటిని దగ్గర ఉంచుకోవచ్చు. ఆకాశమంతా పసుపు, నారింజ, గులాబీ క్రేయాన్లు మందంగా రుద్ది, దానిమీద నల్ల ఆయిల్ పాస్టెల్ పూసి, పుల్లతో గీరితే, చీకట్లోంచి చెట్లకొమ్మలూ సాలెగూళ్లూ రంగులీనుతూ బయటికి వస్తాయి. ముద్రిత గీతలు ఆ నలుపు కింద మాయమవుతాయి గనుక, మనిషి బొమ్మను వదిలి వెనకభాగానికే దీన్ని పరిమితం చేయాలి.

టాబ్లెట్ తెర. తప్పు సరిదిద్దుకోవడంలో దీనికి పోటీ లేదు. గీతల పొరను పైన ఉంచి, దాని అమరికను 'మల్టిప్లై'గా (పై పొరలోని తెలుపు మాయమై, కింది రంగు కనిపించేలా) మార్చి, కింది పొరల్లో రంగు వేస్తే గీత చెడదు. ఒకే పేజీని పగలుగానూ రాత్రిగానూ రెండు రకాలుగా చేసి చూడవచ్చు. తెరమీద మెరిసే ఊదా, చిలకపచ్చ రంగులు ముద్రించినప్పుడు మొద్దుబారతాయి. తెర వెలుగును వెదజల్లుతుంది, కాగితం మీది సిరా దాన్ని పీల్చుకుంటుంది.

| సాధనం | ముదురును పెంచే వీలు | తెలుపును నిలిపే తీరు | సరిదిద్దే వీలు | తగిన కాగితం | తగిన దృశ్యం |
|---|---|---|---|---|---|
| రంగు పెన్సిళ్లు | చాలా ఎక్కువ | ముందే నొక్కి గీయడం | కొంత | 160–200 జీఎస్ఎం, గరుకు | ముఖాలు, కళ్లు, అల్లిక బట్టలు |
| ఆల్కహాల్ మార్కర్లు | మధ్యస్థం | పైన తెల్ల జెల్ పెన్ | తక్కువ | 160–200 జీఎస్ఎం, నున్నటిది | గోడలు, ఆకాశం |
| నీటి రంగులు | ఎక్కువ | మైనపు గీతలు | కొంత | 300 జీఎస్ఎం | పొగమంచు, వెన్నెల |
| స్కెచ్ పెన్లు | తక్కువ | ఖాళీగా వదలడమే | లేదు | కాస్త మందమైనది | చిన్న, నిండు చోట్లు |
| క్రేయాన్లు | తక్కువ | గీరడం | తక్కువ | ఏదైనా | పెద్ద ఆకారాలు |
| టాబ్లెట్ | చాలా ఎక్కువ | పరిమితి లేదు | పూర్తిగా | అక్కరలేదు | అన్నీ, తెరమీద చూసేవి |

## వర్ణాల ఎంపిక: మూడు దారులు

సాధనం తేలాక వర్ణాలు తేల్చుకోవాలి. ఇక్కడ కూడా మూడు స్పష్టమైన దారులున్నాయి, మూడింటినీ ఒకే పేజీలో కలిపితే ఏదీ నిలబడదు.

మొదటిది, బూడిద మధ్య ఒక్క రంగు. పేజీ అంతటినీ రెండు మూడు బూడిద ఛాయలతో, మట్టి రంగుతో నింపి, ఒక్క వస్తువుకు మాత్రమే నిండు పసుపో ఎరుపో ఇవ్వాలి. కొత్తవారికి ఇదే సులువు, ఎందుకంటే తక్కువ రంగులతో పని అయిపోతుంది, రంగుల పొంతన గురించి తర్జనభర్జన ఉండదు. చిక్కల్లా నిగ్రహమే. పసుపు కోటు బాగా కుదిరింది కదా అని బూట్లకూ గొడుగుకూ పువ్వులకూ అదే పసుపు ఇస్తే, కన్ను ఎక్కడ నిలవాలో తెలియక పేజీ చెదిరిపోతుంది.

రెండోది, రాత్రి. దీనికి మన కంటి తీరే దారి చూపుతుంది. పట్టపగలు కన్ను 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి పసుపుపచ్చ వెలుగుకు ఎక్కువగా స్పందిస్తుంది. చీకటిలో, కంటిలో రంగులను గుర్తించే కణాలైన కోనులు వెనక్కి తగ్గి, మసక వెలుగులో పనిచేసే కణాలైన దండాలు పని అందుకున్నప్పుడు ఆ శిఖరం 507 నానోమీటర్ల దగ్గరి నీలిపచ్చ వైపు జరుగుతుంది. అందుకే మునిమాపు వేళ ఎర్రపువ్వు ముందుగా నల్లబడి, దాని ఆకులు ఇంకా కాసేపు తేటగా కనిపిస్తాయి. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దిలో గమనించిన ఈ మార్పును కాగితం మీద పాటిస్తే, వెన్నెల దృశ్యంలో ఎరుపు వస్తువుకు దాదాపు నల్లగా తోచే ముదురు ఇటుక రంగు, ఆకులకు నీలం కలిసిన లేత పచ్చ ఇవ్వాలి. నేరుగా నలుపు వాడే బదులు ముదురు నీలం మీద ముదురు గోధుమ వేస్తే వచ్చే చీకటిలో లోతు ఉంటుంది, పైగా పక్కనున్న నీలంతో తగవు పడదు. పిల్లి ఆకాశంలో కలిసిపోకుండా ఉండాలంటే, దాని ఒంటి చుట్టూ ఆకాశాన్ని ఒక మెట్టు లేతగా ఉంచాలి. పిల్లిని ఇంకా నల్లగా చేయబోవడం వృథా ప్రయాస.

మూడోది, మరీ తీయగా ఉండే మాయలోకం. ఊదా పక్కన పసుపు, నీలం పక్కన నారింజ, పచ్చ పక్కన గులాబీ: ఎదురెదురు వర్ణాలను పూర్తి నిండుదనంతో పెట్టి, కళ్లను మాత్రం చల్లగా, నల్లగా ఉంచడం. ఇది మూడింటిలో కష్టమైనది, కుదిరితే అన్నిటికన్నా ఎక్కువగా వెంటాడేది. ఇక్కడ వెలుగు దిశను మార్చడం బాగా పనిచేస్తుంది. మనకు అలవాటైన వెలుగు పైనుంచి పడుతుంది కాబట్టి, గడ్డం కింద, ముక్కు కింది భాగంలో, కనుబొమల అడుగున లేత పచ్చ వేసి, నుదుటిని నీడలో ఉంచితే నవ్వుతున్న ముఖం కూడా అనుమానం కలిగిస్తుంది. చర్మానికి కొంచెం ఊదా కలిసిన బూడిద నీడ వాడితే ప్రాణం లేని తీరు వస్తుంది. అదే నీడను గోధుమతో వేస్తే ఆ ముఖం ఆరోగ్యంగా కనిపించి ఉద్దేశం చెడుతుంది.

## ఎవరికి ఏది

ఆరేళ్లలోపు పిల్లలకు లావు క్రేయాన్లు, పిల్లి లేదా ఇల్లు వంటి పెద్ద ఆకారమున్న పేజీ, మూడో దారిలోని నిండు రంగులు. ఆ వయసులో సూదివేళ్లున్న చేతుల బొమ్మను ఎంచి ఇవ్వడం కంటే తోట బొమ్మ ఇవ్వడం మంచిది. భయపడిన పిల్ల రంగు వేయదు, పేజీ తిప్పేస్తుంది. ఏడు నుంచి పన్నెండేళ్లవారికి రంగు పెన్సిళ్లు ఇచ్చి, చిన్న చోట్లకు రెండు మూడు స్కెచ్ పెన్లు తోడుగా ఉంచి, మొదటి దారిని చూపితే ఫలితం చూసుకుని వాళ్లే ఆశ్చర్యపోతారు. నొక్కి గీసిన సాలెగూడు ఈ వయసువారికి ఇంద్రజాలంలా అనిపిస్తుంది.

పెద్దవారిలో, రోజూ సాయంత్రం కాసేపు కూర్చుని నెమ్మదిగా వేసుకోవాలనుకునేవారికి పెన్సిళ్లు తప్ప మరొకటి చెప్పను. ఒక్క పూటలో పూర్తికావాలనుకుంటే పెద్ద భాగాలకు మార్కర్లు, ముఖానికి, బట్టలకు పెన్సిళ్లు కలిపి వాడాలి. ముందు మార్కరు, అది ఆరాక పెన్సిల్. వరుస తిరగబడితే పెన్సిల్ మైనం మార్కరు మొనను పాడుచేస్తుంది. గోడకు తగిలించే బొమ్మకు స్కెచ్ పెన్లనూ ఫ్లోరెసెంట్ రంగులనూ పూర్తిగా మానేసి, వెలిసిపోని గుణాన్ని డబ్బా మీద నక్షత్రాలతోనో అక్షరాలతోనో సూచించే పెన్సిళ్లు, నీటి రంగులు తీసుకోవాలి. చేయి తిరగనివారు, ఒకే బొమ్మకు పది రకాల రంగులు ప్రయత్నించి చూడాలనుకునేవారు టాబ్లెట్ మీద వర్ణాలు తేల్చుకుని, ఆ తరువాత కాగితం మీదికి రావచ్చు.

ఏమీ కొనకుండా ఈరోజే మొదలుపెట్టాలనుకునేవారికి జెరాక్స్ కాగితం, మామూలు పెన్సిల్, ఒక్క పసుపు రంగు పెన్సిల్ చాలు. మామూలు పెన్సిల్‌తోనే నాలుగు బూడిద మెట్లు తెప్పించి, పసుపును కోటుకు మాత్రమే వాడితే మొదటి దారిలోని పేజీ ఒకటి పూర్తవుతుంది.